పచ్చ అంచు పూసలు

మూడో రోజు అసర్ నమాజు కూడా అయిపోయింది. ఇంక పొద్దుగూకే మగ్రిబ్ అజాన్ దాకా నిలబడితే చాలు, ఆ తర్వాత ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దూర్చి గోడవారగా పేర్చేస్తారు, కాఫీ కుంపటి ఆర్పేస్తారు, ఖురాన్ వినిపించే లౌడ్‌స్పీకర్ని మసీదువాళ్ళు తీసి లోపల పెట్టుకుంటారు, నూరీ చావు అక్కడితో పూర్తవుతుంది అనుకున్నాడు హిక్మత్. అనుకుని, ఆ మాటకి లోపల ఏమైనా కదులుతుందేమోనని కాసేపు ఆగి చూసుకున్నాడు, పన్నునొప్పి తగ్గిందో లేదో నాలుకతో తడిమి చూసుకున్నట్టు. ఏమీ కదల్లేదు. హాలు గుమ్మం దగ్గర వరసలో మొదటి మనిషి అతనే, నూరీకి సొంత తమ్ముడు కాబట్టి. పక్కన వదిన తమ్ముడు ఉన్నాడు, ముక్కు చీదుతూ, ఎవరు కావిలించుకున్నా మళ్ళీ కొత్తగా ఏడుస్తూ. వచ్చినవాళ్ళు గుమ్మంలో ఆగి "అల్ ఫాతిహా" అని గట్టిగా అనగానే కూర్చున్నవాళ్ళంతా అరచేతులు తెరిచి, పోయినవాడి కోసం ఆ ప్రార్థనకి పెదాలు కదిపి, మొహం తుడుచుకుంటారు. హిక్మత్ పెదాలు కూడా కదులుతున్నాయి. మొదటిరోజు పొద్దున్నించీ కదులుతూనే ఉన్నాయి, నీళ్ళు రాని కుళాయి తిప్పినట్టు. ఏడిస్తే తేలికపడతావు అంది భార్య ఇఖ్‌లాస్. బరువుంటే కదా తేలికపడడానికి. కబురు తెలిసినప్పుడు అతను దీపం కింద కూర్చుని ఒక దండ తుడుస్తున్నాడు, ఫోన్లో మాట విని సరే అన్నాడు, పెట్టేశాడు, మిగిలిన పూసలు కూడా తుడవడం పూర్తి చేసి, గుడ్డ మడిచి డబ్బాలో పెట్టి, అప్పుడు లేచి ఇఖ్‌లాస్‌కి చెప్పాడు. ఆవిడ అతని మొహంకేసి చూసిన చూపు ఇంకా అలాగే ఉంది, అప్పట్నించీ ఇంట్లో అతను ఎటు తిరిగితే అటు తిరుగుతోంది. శవానికి స్నానం చేయించేటప్పుడూ అంతే. బల్లమీద పడుకోబెట్టిన అన్నలో అతనికి కనబడింది కుడి బొటనవేలొక్కటే. పూసలు తోసి తోసి వేలి పక్కన కాయ కాచి, చిన్న బఠాణీ అంత మెరుస్తోంది. తన వేలికీ ఉందది, అదే చోట. అది నాన్న వేలికీ ఉండేది.

నిజం చెప్పాలంటే మూడ్రోజులుగా అతని లోపల బతికున్నది ఒకటే, అది ఏడుపు కాదు, సిగ్గుపడాల్సిన సంగతి. నాన్న తస్బీ, ఆ జపమాల, ఎక్కడుంది? అన్న జేబులో ఉందా, ఆస్పత్రి వాళ్ళిచ్చిన సంచీలో ఉందా, వదిన బీరువాలో పెట్టిందా? ఇవాళ మధ్యాహ్నం వదిన నజీహా వంటింట్లో ఆడవాళ్ళ మధ్య కూర్చుని ఉంటే గుమ్మం దాకా వెళ్ళాడు. ఆవిడ లేచి వచ్చింది. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. "తిన్నావా హిక్మత్?" అంది. పదకొండేళ్ళుగా గడప తొక్కని మరిదిని ఒక్క మాటా దెప్పకుండా, తిన్నావా అని. తిన్నానన్నాడు. ఇంకా ఏదో అనబోతున్నాడని ఆవిడకి అర్థమై చూస్తూ నిలబడింది. శవం లేచి మూడ్రోజులు కాకుండానే తస్బీ ఏదని అడిగే మొహం ఎవడికుంటుంది, అడగకపోతే మాత్రం ఆ మొహం వదిన చూడలేదా, అందుకే నీళ్ళు కావాలని అబద్ధమాడి, తాగి, గ్లాసు ఇచ్చేసి వచ్చేశాడు. ముప్పైమూడు పూసలు. సముద్రం ఒడ్డుకి తోసిన, వేల ఏళ్ళనాటి చెట్టు జిగురు, ఇక్కడివాళ్ళు కహ్రబ్ అంటారు. నాన్న రాగిసామాను బజారులో సుత్తితో కొట్టీ కొట్టీ చెవులు పోగొట్టుకున్నవాడు, ఏదో పెళ్ళివారికి ఏనుగంత డేగిసా చేసి పెట్టి, బదులుగా ఈ దండ తీసుకున్నాడట. తెచ్చిననాడు వెన్నరంగులో ఉండేదట. నాన్న చెమటకీ చేతి వేడికీ ఏటికేడూ ముదిరి, హిక్మత్‌కి జ్ఞానం తెలిసేసరికి చిక్కటి టీ రంగుకొచ్చింది. రాగిపొడి చేతులతో తిప్పడంవల్ల ప్రతి పూసకీ దారం దూరే చిల్లు చుట్టూ సన్నగా ఒక పచ్చటి అంచు పట్టింది. చిలుం. ఎన్నిసార్లు తుడిచినా పోదు. బాగ్దాదులో, మాట వరసకి మొత్తం భూమ్మీద, అలాంటి అంచున్న కహ్రబ్ ఇంకొకటి లేదు, ఉండడానికి వీల్లేదు, అందుకు ఇంకో రాగిపనివాడు యాభై ఏళ్ళు ఇంకో దండ తిప్పాలి.

నాన్న పోయినప్పుడు అమ్మ దాన్ని నూరీ చేతిలో పెట్టింది. ఏం ఆలోచించి కాదు, అప్పుడు పక్కనున్నవాడు నూరీ, పెద్దవాడు నూరీ. హిక్మత్ ఏమీ అనలేదు. అదే తంటా, అతను ఎప్పుడూ ఏమీ అనడు. నాకివ్వు అనలేదు, నాకూ నాన్నే కదా అనలేదు, మర్నాటినించి ఆ ఇంటికి వెళ్ళడం మానేశాడు. నూరీకి తస్బీల్లో ఓనమాలు తెలియవు. చిన్నప్పట్నించీ శుక్రవారం శుక్రవారం నాన్న వెంట మైదాన్ బజారుకి వెళ్ళి, పూసని చొక్కా చేతికి రుద్ది వాసన చూడడం, పంటికి తగిలించి చప్పుడు వినడం, చిత్తుకాగితం ముక్కల్ని అది లాక్కుంటుందో లేదో చూడడం, కరిగించి పోసిన సరుకేదో చెట్టు కన్న సరుకేదో కళ్ళు మూసుకుని చెప్పడం నేర్చుకున్నవాడు హిక్మత్. నూరీ ఫుట్‌బాల్ ఆడుకునేవాడు. నాన్న ఆ బజారులో చెప్పిన మొదటి పాఠం వాసన గురించి కాదు, నోరు గురించి. "నచ్చినదాన్ని నచ్చిందని చెప్పకురా. చెప్పావో, అమ్మేవాడు కొండెక్కి కూర్చుంటాడు. అమ్మనివాడు మొహమాటపడి నీ చేతిలో పెట్టేస్తాడు. రెండూ సిగ్గుచేటే." నిజమే, ఈ ఊళ్ళో బాగుంది అనే మాట ప్రమాదం. కాఫీ కప్పు బాగుందన్నా, కోటు బాగుందన్నా, అవతలివాడు "నీదే, తీసుకో" అని తీరాలి, ఇవతలివాడు "నీ చేతికే అందం" అని తిప్పికొట్టి తీరాలి, పిల్లలకి సైతం తెలిసిన తంతు ఇది. తస్బీలు పోగుచేసే పిచ్చివాళ్ళు ఆ తంతు జోలికే పోరు. వాళ్ళ మెప్పు వేరు. ప్రాణం లేచొచ్చే దండ కనబడితే ఆవులిస్తారు. పర్లేదులే, చూశాంలే అంటారు. మరీ మరీ బాగుంటే ఏమీ అనకుండా తలెత్తి సీలింగ్ ఫ్యాను చూస్తారు. హిక్మత్ ఈ విద్యలో ఎంత ఆరితేరాడంటే, పెళ్ళిచూపుల్లో ఇఖ్‌లాస్‌ని చూసి కూడా ఫ్యాను చూశాడని ఆవిడ ఇప్పటికీ చుట్టాలకి చెప్పి నవ్వుతుంది. నవ్వుతుంది గాని, ఆ నవ్వు చివర కాస్త పుల్లగా ఉంటుంది.

చేతులు వస్తున్నాయి, పోతున్నాయి. మిగిలిన ఆయుష్షు మీకు దక్కాలి అంటున్నారు, అల్లా ఓర్పునివ్వాలి అంటున్నారు, అతను తలూపుతున్నాడు. మొహాలు చూడడం నిన్ననే మానేశాడు. కుడిచెయ్యి తన చేతిలో ఉన్నంతసేపూ ఎడమచేతిలో ఏముందో చూస్తున్నాడు. పాపం అని తెలుసు, కళ్ళు వినవు. ఈ పళ్ళడాక్టరుది కరిగించి పోసిన సరుకు, ఎవడో టోపీ పెట్టాడు. ఈ పొట్టాయనది ఆలివ్ గింజలు, నయం, దేవుడికి దగ్గర. ఇది నల్ల పగడం, వెండి మేకులు కొట్టింది, సగం మేకులు ఊడిపోయాయి. ఇది ప్లాస్టిక్, ఇది ప్లాస్టిక్, ఇది మక్కా నుంచి తెచ్చి పంచిపెట్టే రకం. అలా వస్తూ వస్తూ ఒక నిమ్మపండు రంగు దండ వచ్చింది, గుండ్రంగా, ఒకే ఈడు, ఒకే చేతి పని, ఎంత కుదిరిందంటే హిక్మత్ చెయ్యి మనిషిని వదిలేసి పూసల్ని పట్టుకుంది. తెలియకుండానే ఒకదాన్ని చొక్కా చేతికి రుద్ది ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అన్న మరణానికి పరామర్శించడానికి వచ్చిన మనిషి తస్బీ లాక్కుని, వరసలో నిలబడి వాసన చూశాడు. ముందు వరసలో తలలు ఇటు తిరిగాయి.

"ఏం చేస్తున్నావురా?" అన్నాడా మనిషి పళ్ళ సందున. ఎవరో కాదు, అబూ సర్మద్, మైదాన్ బజారులో అతని పాత జతగాడు. "మీ అన్న పోయాడు."

"తెలుసు."

"తెలిస్తే ఇటివ్వు. జనం చూస్తున్నారు."

హిక్మత్ ఇచ్చేశాడు. అబూ సర్మద్ దాన్ని గుప్పిట్లో దాచుకుని, కావిలించుకుంటున్నట్టు ముందుకి వంగి, చెవిలో అడక్కుండా ఉండలేకపోయాడు. "ఏం, అసలుదేనా?"

"అసలుదే. ఒక్కటి మాత్రం కాదు. తలపూస పక్కది."

"ఆ ఒక్కటే అసలుదిరా పిచ్చోడా," అన్నాడు అబూ సర్మద్. ఆ మాట అంటూంటే కళ్ళు చెమర్చాయి. వెనకవాళ్ళు తోసుకొస్తున్నారని ముందుకి కదిలిపోయాడు.

తలపూస పక్కది. దండ ముడి దగ్గరుండే పొడుగు పూసని ఆనుకుని, టీ రంగుది. నిమ్మపండు రంగు దండలో ఒక్కటే ముదురుగా, వేరే ఆకారంలో, ఏ పోగుచేసేవాడూ కలలోనైనా చెయ్యని పని, జత కుదిరిన దండలో జతకాని పూసని దూర్చడం, అది దండని చంపెయ్యడమే. దాని చిల్లు చుట్టూ పచ్చటి అంచు ఉంది. ఉందా? చూసింది ఒక్క క్షణమే. లేదేమో, మూడ్రోజులుగా అదే యావ కాబట్టి కళ్ళకి అలా తోచిందేమో. కాళ్ళు లాగుతున్నాయి. ఎవరో వచ్చి కాసేపు కూర్చోండి అబూ రఘద్, మేం నిలబడతాంలే అన్నారు, కూతురి పేరు కలిపి రఘద్ నాన్నా అని పిలిచే ఇక్కడి మర్యాదతో. అతను కూర్చోకుండానే కాఫీవాడు వచ్చి చిన్న కప్పులో చేదు కాఫీ పోశాడు. తాగి ఇచ్చాడు. మళ్ళీ పోశాడు. తాగి ఇచ్చాడు. మళ్ళీ పోశాడు. "అబూ రఘద్, చాలంటే కప్పు ఊపాలి," అన్నాడు కాఫీవాడు మెల్లగా, పసివాడికి చెప్పినట్టు. అవును కదా, కప్పు ఊపాలి. అరవై ఏళ్ళుగా ఊపుతూనే ఉన్నాడు. ఊపాడు. నాలిక మీద చేదు ఉందా లేదా అని చూసుకున్నాడు. లేదు. అది కూడా లేదు.

గోడవారగా నడుస్తుంటే మళ్ళీ కనబడింది. టాక్సీ డ్రైవరు ఖాకీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు, అతని ప్లాస్టిక్ తస్బీలో, సరిగ్గా తలపూస పక్కన, టీ రంగులో ఒకటి. ఈసారి హిక్మత్ వంగి మరీ చూశాడు. జోడు ఊడితే సరిచేసుకుంటున్నట్టు వంగాడు. పచ్చ అంచు. రెండు కుర్చీల అవతల నూరీ వీధిలో బట్టలు కుట్టే ముసలాయన చేతిలో ఆలివ్ గింజల మధ్య ఒకటి. కిటికీ పక్కన ఎవరో సన్నటి మనిషికి తస్బీయే లేదు, ఇంటి తాళాల గుత్తికి వేలాడుతోంది ఒకటి. నాన్న పూస తాళాల గుత్తికి! కోపం రావాలి. రావాల్సిన చోట ఉందని తెలుస్తోంది గాని రావట్లేదు, తిమ్మిరెక్కిన కాలిమీద గిల్లినట్టుంది. అమ్మేశాడా? నూరీ అమ్మేశాడా, ఒక్కొక్కటీ చిల్లరగా, టాక్సీ డ్రైవర్లకి? ఎందుకు అమ్ముతాడు, వాడికేం లోటు, పిల్లాజెల్లా లేరు, స్కూల్లో ఉద్యోగం చేసి పింఛను తీసుకుంటున్నాడు. పోనీ దండ తెగి దొర్లిపోతే ఎవరెవరో ఏరుకున్నారా? ఏరుకున్నవాళ్ళంతా వాడి చావుకొచ్చి ఇంత దిగులుగా కూర్చుంటారా? ఒక పద్ధతి కనబడుతోంది, అందరూ తలపూస పక్కనే కట్టుకున్నారు, ఎవరో కట్టి ఇచ్చినట్టు. పదకొండేళ్ళ నించీ రాత్రిపూట కళ్ళు మూసుకుంటే అతనికి ఆ దండ మొత్తంగా కనబడేది, ఒక చివర్నించి ఇంకో చివరికి ఒక్కొక్క పూసా వేలితో తోసుకుంటూ నిద్రపోయేవాడు. అదెప్పుడో లేదన్నమాట. లేని దండని తోసుకుంటూ నిద్రపోయాడన్నమాట.

చివరి వరసలో ఒక ఖాళీ కుర్చీ ఉంటే కూలబడ్డాడు. పక్కన తెల్ల రుమాలు తలకి చుట్టుకున్న ముసలాయన, పల్లెటూరి మనిషి, పాదాల మీద దారి దుమ్ము. ఆయన చేతిలో ఖర్జూరపు గింజలతో గుచ్చుకున్న దండ, దానికీ ఉంది ఒకటి. ఆయనకి హిక్మత్ ఎవరో తెలియదు, ఇప్పుడే వచ్చినట్టున్నాడు, వరసలో ఏడుస్తున్న వదిన తమ్ముణ్ణి చూసి ఆయనే సొంతవాడనుకుని చెప్పాల్సింది ఆయనకే చెప్పి వచ్చి కూర్చున్నాడు. ఏడ్చేవాడే కదా సొంతవాడిలా కనబడేది. ఆయన చూపు హిక్మత్ చూపు పోతున్న చోటికి పోయింది.

"ఇదా?" అన్నాడు, పూసని వేలితో పైకెత్తి. "హాజీ నూరీ ఇచ్చిందే నాయనా. నేను హిల్లా నించి వచ్చా. ఖల్లాఫ్ అంటారు. ఆస్పత్రిలో పక్క పక్క మంచాలు మావి."

హిక్మత్ తలూపాడు. ఆస్పత్రిలో. పక్క మంచం. తను ఆ ఆస్పత్రి ముందునించి రెండుసార్లు బస్సులో వెళ్ళాడు, కిటికీలు లెక్కపెట్టాడు, దిగలేదు.

"నాకు వీటి సంగతేం తెలుసు? రంగు చూసి, మా తోటలో చివరాఖర్న ముగ్గే ఖర్జూరంలా బాగుందయ్యా అన్నా, ఊరికే, మాటవరసకి. అంతే. నర్సుని పిలిచి కత్తెర తెమ్మన్నాడు. దారం తెంపేశాడు. వద్దు మొర్రో అంటే వినడే! ఏదో మాటవరసకన్నానయ్యా బాబూ అంటే, మాటవరసకైనా అన్నావు కదా అన్నాడు. తనే కూచుని నా దండకి కట్టిచ్చాడు, వేళ్ళు వణుకుతున్నాయి, అయినా నన్ను ముట్టుకోనివ్వలేదు."

"ఇంకా ఎన్ని ఉన్నాయి?" అన్నాడు హిక్మత్. మూడ్రోజుల్లో అతను నోరు తెరిచి అడిగిన మొదటి ప్రశ్న ఇది. గొంతు ఎవరిదో అనిపించింది.

"ఎక్కడియ్యా? నాకిచ్చాక దారానికి ఒక్కటే మిగిలింది. దాన్ని ఆ నర్సు పిల్ల ముచ్చటపడితే ఆవిడకిచ్చేశాడు. వట్టి దారం పట్టుకుని నవ్వుతా కూచున్నాడు. అందరికీ ఇలాగే ఇచ్చాడంట. ఏళ్ళ తరబడి. బాగుందన్నవాడికల్లా. మొదటిది పుచ్చకాయలమ్మేవాడికి ఇచ్చాడంట, మైదాన్ కాడ టీ కొట్లో. వాడికి పేరు కూడా అడగలేదంట."

పుచ్చకాయలు. మైదాన్ దగ్గర టీ కొట్టు. హిక్మత్ అక్కడున్నాడు. నాన్న పోయిన రెండో ఎండాకాలం, శుక్రవారం, తస్బీల వేలంపాట ఇంకా మొదలవలేదు, పాతవాళ్ళంతా బెంచీలమీద సర్దుకుంటున్నారు, అప్పుడు వచ్చాడు నూరీ, జన్మలో ఎప్పుడూ అటు రానివాడు. అందరూ జరిగి చోటిచ్చారు. వచ్చి సరిగ్గా ఎదురు బెంచీలో కూర్చున్నాడు, మోకాళ్ళు తగిలేంత దగ్గర. జేబులోంచి నాన్న దండ తీశాడు. తిప్పలేదు. తిప్పడం వాడికి అప్పటికింకా సరిగ్గా రాదు. రెండు చేతులతో పట్టుకుని, సంతలో బట్ట చూపించినట్టు బారుగా చాపి, హిక్మత్ మొహం ముందు పెట్టి కూర్చున్నాడు. ఏమీ అనలేదు. ఎంతసేపో. అబూ సర్మద్ దగ్గాడు. ఎండ కిటికీలోంచి పడి పూసల్లోంచి దూరి నూరీ తెల్లచొక్కా మీద టీ రంగు మచ్చలు పడ్డాయి, ముప్పైమూడు మచ్చలు, అంత అందమైన వస్తువు హిక్మత్ జీవితంలో ఎప్పుడూ చూడలేదు, చిన్నప్పుడు నాన్న చేతిలో చూసినప్పుడు కూడా. గొప్పలు చూపించుకోడానికొచ్చాడు అనుకున్నాడు. ఉడికించడానికొచ్చాడు, అందరి ముందూ. అందుకని హిక్మత్ ఆవులించాడు. తలెత్తి ఫ్యాను చూశాడు. ఫ్యాను తిరగట్లేదు, కరెంటు లేదు, అయినా చూశాడు. తర్వాత లేచి బయటికి నడిచాడు. గుమ్మం దాటుతుంటే వెనక ఎవరో మోటుగా, పండ్లు అమ్మే గొంతుతో, "అబ్బ, ఏం బాగుంది హాజీ!" అనడం, అందరూ ఒక్కసారి నవ్వడం వినబడింది. వాళ్ళు తనని చూసే నవ్వారని ఇన్నేళ్ళూ అనుకున్నాడు. వాళ్ళు నవ్వింది ఒక పుచ్చకాయలవాడు తెలియక బాగుందన్నందుకు, ఆ మాట విన్న ఒక వెర్రివాడు నిజంగా కత్తెర అడిగినందుకు.

"ఎందుకలా పంచేస్తున్నావని అడిగా," అంటున్నాడు ఖల్లాఫ్. "ఊరికే బాగుందన్నవాడికల్లా ఇస్తే ఏం మిగుల్తుందయ్యా అన్నా. అప్పుడేమన్నాడంటే, అనాల్సినవాడు అనలేదు హాజీ, అందుకని అన్నవాళ్ళకిస్తున్నా అన్నాడు. ఎవరో మరి ఆ అనాల్సినవాడు. వాడికి ఈ పూసలంటే ప్రాణమంట. వాడు ఒక్క మాట అంటే మొత్తం చేతిలో పెట్టి ఇంటికి తీసుకుపోదామని పోయానన్నాడు. మనకివన్నీ తెలీవు. నువ్వు ఈ చుట్టుపక్కలవాడివేనా? నీకిచ్చాడా ఒకటి?"

"ఇవ్వలేదు."

"అయ్యో, అదేం? అడగనక్కర్లేదే. బాగుంది అంటే చాలే."

గుమ్మం దగ్గర ఎవరో "అల్ ఫాతిహా" అన్నారు. హాలంతా అరచేతులు తెరిచింది. అరచేతుల్లో దండలు, దండల్లో ఒక్కొక్క చోట ఒక్కొక్కటి, హిక్మత్ అవన్నీ చూశాడు, ఏరి ఒక దారానికి గుచ్చుకోవాలని అనిపిస్తుందేమోనని ఎదురుచూశాడు, అనిపించలేదు. జనం మొహాలు తుడుచుకున్నారు. కాఫీవాడు కప్పులు కడుగుతున్నాడు. ఇవాళ్టికి ఎంతసేపు కూర్చున్నా ఇంక నూరీ వచ్చి ఎదురుగా కూర్చోడు. మోకాళ్ళు తగిలేంత దగ్గరగా ఉన్నది ఈ ఖల్లాఫే, ఊరు కానివాడు, నాన్నని ఎరగనివాడు, ఆయన చేతిలో ఖర్జూరపు గింజల మధ్య టీ రంగులో అది. హిక్మత్ చెయ్యి చాపి దాన్ని బొటనవేలితో ఒకసారి తోశాడు. నున్నగా ఉంది. వేడిగా ఉంది, ఖల్లాఫ్ చేతి వేడి. ఇంత చిన్న మాటకి ఇంత బలం కావాలని అతనికి తెలియదు. పెళ్ళిచూపుల్లో అనలేదు, కూతురు రఘద్ మొదటి బొమ్మ గీసి తెచ్చినప్పుడు అనలేదు, బేరం చెడుతుందని ఎక్కడా ఎప్పుడూ అనలేదు.

"బాగుంది," అన్నాడు.

"అయితే నీదే, తీసుకో నాయనా," అన్నాడు ఖల్లాఫ్ వెంటనే, ఆ మాట అనడమే కాదు, హాజీ నూరీ దగ్గర నేర్చుకున్న బుద్ధి కాబోలు, దండని నోటి దగ్గర పెట్టుకుని ముడి పంటితో పీకడం మొదలుపెట్టాడు. హిక్మత్ ఆయన మణికట్టు పట్టుకుని ఆపాడు.

"వద్దు హాజీ. నీ చేతికే అందం. ఉంచుకో."

"నువ్వేమవుతావయ్యా ఆయనకి?" అన్నాడు ఖల్లాఫ్, ఆ పట్టుకున్న చెయ్యి ఇంకా వదలకపోవడం చూసి.

తమ్ముణ్ణి అని చెప్పబోయాడు హిక్మత్. అన్న చచ్చిపోయాడని మూడ్రోజుల తర్వాత అప్పుడు తెలిసింది అతనికి.